ఉపవాసం నాటి ఉప్పు

ఆ ఆసుపత్రి వంటగదిలో అందరూ ఆమెను సూదిమందు అని పిలిచేవారు. ఆ పేరు పెట్టింది గిన్నెలు కడిగే తాత. ఆమె మాట సూదిలా దిగుతుందనీ, దిగిన కాసేపటికి ఒంటికి మంచే చేస్తుందనీ ఆయన ఇచ్చిన వివరణ. మంచి సంగతి ఎలా ఉన్నా దిగడం మాత్రం నిజం. కూరగాయలు తరిగే బల్ల దగ్గర పద్దెనిమిదేళ్ళుగా ఆమెదే రాజ్యం. రోజుకు మూడు వందల మంది రోగుల భోజనం ముందు ఆమె కత్తి కిందుగా వెళ్ళి, ఆ తర్వాతే పొయ్యి ఎక్కాలి.

బల్లకు ఎదురుగా పొయ్యిలు, పొయ్యిల దగ్గర వంటపెద్ద. ఆరడుగుల మనిషి, అరంగుళం గొంతు. గరిటె కిందపడ్డా ఆయన నోట కేక రాదు. ఆయన భక్తుడు. పనిలోకి రాగానే కిటికీ వైపు తిరిగి, కళ్ళు మూసుకుని, రెండు నిమిషాలు పెదవులు కదిపి, అప్పుడే పొయ్యి వెలిగిస్తాడు. ఏడాదికి నలభై దాకా ఉపవాసాలు ఉంటాడు. ఆ రోజుల్లో పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు గూకేదాకా మంచినీళ్ళు కూడా ముట్టడు. నీళ్ళే ముట్టనివాడు సూప్‌లో ఉప్పు సరిపోయిందో లేదో ఎలా చూస్తాడు?

అందుకే ఆయనకు సూదిమందు కావాలి. ఉపవాసం రోజున వంటపెద్ద ఉప్పును రెండు భాగాలు చేసేవాడు. ఎసరు మరగగానే ఒక భాగం వేసి, రెండోది చిన్న గిన్నెలో పక్కన పెట్టేవాడు. దించే ముందు గోడ మేకుకు వేలాడే వంకర చెంచా తీసి, ముంచి, ఊది, మాట్లాడకుండా బల్ల వైపు చాపేవాడు. ఆమె కత్తి పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, రుచి చూసేది. ఒక కనుబొమ్మ ఎగరేస్తే ఇంకాస్త వెయ్యమని. రెండూ ఎగరేస్తే గిన్నెలో ఉన్నదంతా వెయ్యమని. కళ్ళు మూస్తే చాలని. ఈ లెక్క ఇద్దరూ కూర్చుని అనుకున్నది కాదు. పనిలో పనిగా అలా కుదిరిపోయింది.

ఆమెకు దేవుడి మీద నమ్మకం లేదు. కోపమూ లేదు. ఆమె తండ్రి గడియారాలు బాగుచేసేవాడు. మూత విప్పి చూడనిదే దేని గురించీ ఏమీ చెప్పకు అని కూతురికి చిన్నప్పుడే నూరిపోశాడు. దేవుడి మూత ఎక్కడుందో ఆమెకు ఇంతవరకూ దొరకలేదు కాబట్టి ఆ సంగతి అక్కడికి వదిలేసింది. వంటపెద్ద కొలిచే దేవుణ్ణి మాత్రం వదల్లేదు.

“ఏమన్నా, మీ దేవుడికి ఇవాళ కూడా సెలవేనా? వంట నీకూ రుచి నాకూ అప్పజెప్పి ఆయన హాయిగా కూర్చున్నాడు.”

“కూర్చోలేదు చెల్లెమ్మా. నీ నోరు ఎప్పుడు మూతపడుతుందా అని నిలబడి చూస్తున్నాడు.”

“అయితే కుర్చీ వేయించు పాపం. చాలా ఆలస్యమవుద్ది.”

తాత సింకు దగ్గర పళ్ళు లేని నోటితో నవ్వేవాడు. వంటపెద్ద భుజాలు నిశ్శబ్దంగా ఊగేవి. సూప్ దిగేది, బళ్ళు వార్డులకు వెళ్ళేవి. పద్దెనిమిదేళ్ళూ ఇలాగే గడిచాయి.

ఒక రోజు సరిగ్గా ఆ కుర్చీ మాట దగ్గరే తలుపులో ఒక కొత్త మనిషి నిలబడింది. సిబ్బంది సంక్షేమం చూడటానికి ఆసుపత్రివాళ్ళు కొత్తగా వేసిన అధికారిణి. ఇరవై తొమ్మిదేళ్ళుంటాయి, చేతిలో నీలం అట్ట పుస్తకం. మనిషి చెడ్డది కాదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే కథలో ఇకమీదట ఆమె చేసేవన్నీ చూస్తే మనకే కోపం వస్తుంది. చదువుకునే రోజుల్లో ఆమె అమ్మమ్మ నమ్మకాలను తోటి పిల్లలు వెక్కిరిస్తే, ఏమీ అనలేక ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చిన పిల్ల ఆమె. ఇంకెవరూ అలా ఏడవకూడదని ఈ ఉద్యోగంలో చేరింది. కాకపోతే పుండు ఎక్కడుందో చూడకుండా ఊరందరికీ కట్టు కట్టడం మొదలుపెట్టింది.

వారం తిరక్కుండా వంటగది గోడకు ఒక కాగితం ఎక్కింది. పనిచోట ఎవరూ ఎవరి మతం గురించీ, దేవుడి గురించీ, మొక్కుల గురించీ ప్రస్తావించరాదు. ఉపవాసం అనే మాట కొందరికి నొప్పి కలిగించవచ్చు కనుక దాన్ని ఇకమీదట ‘వ్యక్తిగత ఆహార నియమం’ అనాలి. ఎవరు ఏ నియమంలో ఉన్నారో అడగరాదు, తెలిసినా తెలిసినట్టు కనబడరాదు. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం అన్నట్టు, పూజించేవాడికీ వెక్కిరించేవాడికీ మధ్యలో ఉన్నవాడికీ అదే కాగితం.

మర్నాడే తాత కాలి మీద పెద్ద మూకుడు పడింది. అలవాటు కొద్దీ “అయ్యో దే...” అన్నాడు. ఎదురుగా గోడ మీద కాగితం కనబడింది. ఒంటికాలి మీద గెంతుతూనే “అయ్యో వ్యక్తిగతమా! ఓరి నా వ్యక్తిగతమో!” అని మిగతాది పూర్తిచేశాడు. వంటగది అంతా విరగబడి నవ్వింది. సూదిమందు కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వింది. అలా నవ్వడం మళ్ళీ మూడు వారాల దాకా కుదరదని ఆమెకు అప్పుడు తెలియదు.

ఎందుకంటే ఆ సాయంత్రమే ఆమెకు పిలుపొచ్చింది. అధికారిణి గదిలో కుర్చీ చూపించి, మంచినీళ్ళు ఇచ్చి, ఎంతో మర్యాదగా ఒక ఉత్తరం చేతిలో పెట్టారు. తోటి ఉద్యోగి మతవిశ్వాసాన్ని పదేపదే హేళన చేసినందుకు మొదటి హెచ్చరిక. మరోసారి అలాంటిది జరిగితే దుప్పట్లు ఉతికే విభాగానికి బదిలీ.

“హేళనా?” అంది సూదిమందు. “ఎవర్నండీ?”

“మీ వంటపెద్దగారిని. నేను స్వయంగా విన్నాను. ఆయన్ని పిలిచి అడిగాను కూడా.”

“అన్న ఏమన్నాడు?”

అధికారిణి కాస్త తటపటాయించి, పుస్తకం తెరిచి చూసి చెప్పింది. “మీకు ఈ మాటలు ఇబ్బందిగా ఉన్నాయా అని అడిగితే, ‘మీరెలా అంటే అలా మేడమ్’ అన్నారు. కాదు అని అనలేదు.”

గ్లాసులో నీళ్ళు అలాగే ఉండిపోయాయి. బదిలీ మాట ఆమెను పెద్దగా తాకలేదు. చెయ్యి పనికొచ్చినంతకాలం కత్తయినా దుప్పటైనా ఒకటే. ‘కాదు అని అనలేదు’ అన్న ముక్క మాత్రం చేపముల్లులా గొంతులో ఇరుక్కుంది.

ఇంటికొచ్చి వెల్లుల్లి ఒలుస్తూ కూర్చుంది. ఆమె భర్త చెప్పుల దుకాణంలో అమ్మకాలు చూస్తాడు. మనిషి మొహం కంటే కాళ్ళు చూసి సంగతి పసిగట్టే రకం. భార్య చెప్పులు ఒకటి ఇటూ ఒకటి అటూ పడివుండటం చూసి, వచ్చి పక్కన కూర్చున్నాడు. జరిగింది విన్నాడు.

“పద్దెనిమిదేళ్ళలో నువ్వు ఎన్ని అని ఉంటావ్?” అన్నాడు నెమ్మదిగా.

“రోజుకి ఒకటో రెండో.”

“అందులో ఒక్కటైనా ఆయనకి తగల్లేదంటావా?”

“తగిలితే చెప్పడా?”

“ఆయనా? బస్సులో కాలు తొక్కినవాడికి తనే క్షమించమని చెప్పే మనిషి ఆయన.”

నిజమే. నరంలేని నాలుక ఎటు తిరిగినా తిరుగుతుంది, తగిలినవాడికే తెలుస్తుంది. ఆమె వెల్లుల్లి ఒలుస్తూ వెనక్కి వెనక్కి వెళ్ళింది. ఒక్కో మాట తీసి చూసుకుంది. ఈ మాటకు నవ్వాడు. దీనికీ నవ్వాడు. నవ్వాడా, నవ్వినట్టు ఉండిపోయాడా? తను ఇన్నేళ్ళూ చనువు అనుకున్నది ఆయన ఓపికా? ఆ ఆలోచన వచ్చేసరికి కళ్ళు నిండాయి. ఇంటి నిండా వెల్లుల్లి వాసనే. అంత వెల్లుల్లి ఎందుకు ఒలిచిందో ఆమెకే తెలియదు.

మర్నాటి నుంచీ బల్ల దగ్గర మాట ఆగిపోయింది. “కేరెట్లు అయ్యాయి,” “బంగాళాదుంపలు ఇవిగో,” అంతే. వంటపెద్ద ఒకటి రెండుసార్లు ఇటు తిరిగి ఏదో అనబోయి మళ్ళీ పొయ్యి వైపు తిరిగిపోయాడు. తను నోరు విప్పితే ఆమెకు రెండో ఉత్తరం వస్తుందేమోనని ఆయన భయం. తను నోరు విప్పితే ఆయనకు నొప్పి అని ఆమె భయం. ఒకరి మీద ఒకరికి ఇంత దయ ఉన్న గదిలో గాలి అంత బరువుగా ఉండటం తాత ఎన్నడూ చూడలేదు. “ఎవరైనా పోయారా ఏంటి?” అని ఆయన సింకును అడిగాడు. సింకు ఏమీ అనలేదు.

అలా రోజులు గడిచి మళ్ళీ ఉపవాసం వచ్చింది. ఫలానా రోజని ఎవరూ అనలేదు, అనకూడదు. కానీ ఆమెకు తెలుసు. ఆయన పెదవులు ఆరిపోయి ఉన్నాయి, నీళ్ళ సీసా తేలేదు. అసలు అవి చూడకపోయినా తెలుసు, ఎందుకంటే తన ఇంట్లో గోడ కేలండర్ మీద ఆయన ఉపవాసాలకు పెన్సిలుతో చుక్కలు పెట్టుకునేది ఆవిడే. నమ్మని దేవుడి రోజులు నమ్మినవాడికంటే బాగా గుర్తు.

ఆయన ఉప్పును రెండు భాగాలు చేయడం ఆమె ఓరకంట చూసింది. మొదటి భాగం ఎసట్లో పడింది. చెంచా ఇప్పుడు తీస్తాడు, ఇప్పుడు తీస్తాడు అని చూసింది. వంటపెద్ద చెంచా వైపు చూశాడు, గోడ మీద కాగితం వైపు చూశాడు. చెంచా మేకుకే ఉండిపోయింది. బియ్యం బస్తాలు వచ్చాయని ఎవరో పిలిస్తే ఆయన సామాన్ల గదికి వెళ్ళాడు.

సూదిమందు లేచింది. దొంగలా అటూ ఇటూ చూసి, చెంచా తీసి, ఉఫ్‌మని ఊది నోట్లో పోసుకుంది. చప్పగా ఉంది. రెండు కనుబొమ్మలూ ఎగిరే చప్పదనం. పాపం, పొద్దుటినుంచీ ఏమీ తినని మనిషి, ఈ సూప్ ఇలాగే వెళ్తే మాట పడతాడు. గిన్నెలో ఉన్నదంతా గబగబా కుమ్మరించి, కలిపి, చెంచా కడిగి మేకుకు తగిలించి, ఏమీ ఎరగనట్టు గుమ్మడికాయ ముందు కూర్చుంది.

వంటపెద్ద తిరిగి వచ్చాడు. చిన్న గిన్నె ఖాళీగా కనబడింది. ఆకలి కడుపు కదా, ఉప్పు పక్కన తీసిపెట్టడమే మరిచిపోయానేమో అనుకున్నాడు. ఆమెను అడగొచ్చు. అడిగితే రుచి సంగతి వస్తుంది, రుచి వస్తే ఉపవాసం వస్తుంది, ఉపవాసం వస్తే ఉత్తరం వస్తుంది. ఎందుకొచ్చిన గొడవ అని డబ్బాలోంచి మళ్ళీ ఒక భాగం తీసి వేశాడు. చేతికి కాస్త తక్కువ వచ్చిందేమో అనిపించి, ఇంకో చిటికెడు కూడా వేశాడు.

ఉప్పు పడని రోగుల గిన్నె వేరే ఉంటుంది, అది ఏ ఉపవాసం రోజైనా ఎవరి చేతికీ అందనంత దూరంలో ఉంటుంది. అందుకని ప్రాణాలకేమీ ముప్పు రాలేదు. మిగతా వార్డుల్లో మాత్రం మధ్యాహ్నం పన్నెండున్నరకు సముద్రం వచ్చింది. మొదటి చెంచాకే మొహాలు ముడుచుకుపోయాయి. నీళ్ళ కూజాలు ఖాళీ అయ్యాయి. సూప్ బళ్ళు వెళ్ళినంత వేగంగానే వెనక్కి వచ్చాయి. నెలకొకసారి రోగుల భోజనమే తెప్పించుకుని తినే అలవాటున్న పెద్ద డాక్టరుగారు సరిగ్గా ఆ రోజునే తెప్పించుకున్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు. విచారణ చేసి సాయంత్రానికల్లా కారణం చెప్పమని ఆయన సంక్షేమాధికారిణికే అప్పజెప్పారు.

అధికారిణి నీలం పుస్తకంతో కూర్చుంది. ముందు వంటపెద్దను పిలిచింది.

“నేనే మేడమ్. ఉప్పు రెండుసార్లు వేశాను. వయసైపోతోంది,” అన్నాడాయన.

తర్వాత సూదిమందును పిలిచి, మొన్నటిలాగే మంచినీళ్ళ గ్లాసు ముందు పెట్టింది.

“నేనే మేడమ్. నన్నెవరూ వెయ్యమనలేదు. నేనే దొంగచాటుగా వేశాను.”

అధికారిణి కలం ఆగింది. ఎక్కడైనా విచారణ అంటే ఎవరూ తప్పు ఒప్పుకోరు. ఇక్కడ ఒకే తప్పుకు ఇద్దరు పోటీ పడుతున్నారు. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టింది. ఒక్కో ప్రశ్నా వేస్తుంటే ఉప్పు కథ ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. పక్కన పెట్టిన గిన్నె, మేకుకున్న చెంచా, సామాన్ల గది.

“అంటే మీరు ఇంతకుముందు రోజూ ఆవిడ చేత రుచి చూపించేవారా?”

“రోజూ కాదు మేడమ్. ఉప...” ఆయన ఆగి, ఎంతో కష్టపడి పలికాడు. “వ్యక్తిగత ఆహార నియమం రోజుల్లో.”

“మరి ఈ రోజు ఎందుకు చూపించలేదు?”

కిటికీ అవతల ఎవరో మంచం చక్రాలు కీచుమంటూ తోసుకుపోయారు. సూదిమందు తన చేతులు చూసుకుంటూ కూర్చుంది. ఇక దుప్పట్లే, అనుకుంది. పోనీ. కానీ ఆ ముల్లు గొంతులో పెట్టుకుని దుప్పట్లు ఉతకడం తన వల్ల కాదు.

“మేడమ్, నన్ను మార్చెయ్యండి, సంతోషంగా వెళ్తాను. ముందు ఒక్కటి అడగనివ్వండి,” అని వంటపెద్ద వైపు తిరిగింది. “అన్నా, నీ దేవుడి మీద ఒట్టు, మొహమాటం వద్దు. నా మాటలకి ఎప్పుడైనా నీ మనసు నొచ్చిందా?”

వంటపెద్ద తల వంచుకున్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. ఉపవాసం రోజున అసలే చెప్పడు.

“నొచ్చింది,” అన్నాడు.

సూదిమందు పెదవి కొరుక్కుంది. అధికారిణి కలం కదిలింది.

“ఒక్కసారి. మా అమ్మ పోయిన ఏడు. అమ్మ పేరు మీద వరసగా ఉపవాసాలుంటున్నాను. ‘ఇన్ని ఉపవాసాలు చేసి ఏం దక్కించుకున్నావన్నా?’ అన్నావు. అమ్మ బతకాలని అంతకుముందు ఉన్నవి కూడా నీకు తెలుసు కదా. ఆ రోజు ఇంటికెళ్ళి ఏడ్చాను.”

ఆమెకు ఆ రోజు గుర్తుంది. మాట నోరు దాటిన క్షణమే తెలిసింది. వెనక్కి తీసుకోవడం మాత్రం తెలియలేదు.

“అది రాసుకోండి మేడమ్,” అన్నాడు వంటపెద్ద. ఆయన గొంతు ఎన్నడూ లేనంత గట్టిగా ఉంది. “మర్నాటిది కూడా రాసుకోండి. నేను వచ్చేసరికి నా పెద్ద గిన్నెలు తోమి ఉన్నాయి. వాటిని నేను ఇంకొకర్ని ముట్టుకోనివ్వను, అది అందరికీ తెలుసు. తళతళా మెరుస్తున్నాయి. నేను నిలబడి ప్రార్థన చేసుకునే కిటికీ అద్దం ఏళ్ళ తరబడి మసి పట్టి ఉండేది, అదీ తుడిచి ఉంది. ఇది నేను చేశానని ఈవిడ ఇవాళ్టి వరకూ చెప్పలేదు. తాత చెప్పాడు, తెల్లారకముందే వచ్చిందని. అప్పట్నుంచి తొమ్మిదేళ్ళయింది మేడమ్. మా దేవుణ్ణి ఏకిపారేసింది గానీ నా ఆకలిని ఒక్క మాట అనలేదు. మా అమ్మని ఒక్క మాట అనలేదు. సూది వేసే చెయ్యికి నరం ఎక్కడుందో తెలియాలి. ఈవిడకి తెలుసు.”

ఇంతసేపు మాట్లాడటం ఆయన జీవితంలోనే మొదటిసారి కాబోలు, చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు.

“మా ఇంట్లో నా కొడుకులకే నా ఉపవాసాలు గుర్తుండవు. ఏంటి నాన్నా ఇవాళ తినవా అంటారు. ఈవిడ ఆ రోజుల్లో తన భోజనం డబ్బా తీసుకుని వెనక మెట్ల మీదికి పోయి తింటుంది. అడిగితే ఎండ కావాలంటుంది. వానలో కూడా ఎండేనా మేడమ్? రుచి చూడలేని వంటవాణ్ణి ఏడాదికి నలభై రోజులు ఎవరుంచుకుంటారు? ఈవిడ నాలుక లేకపోతే, ఉపవాసమో ఉద్యోగమో నేను ఎప్పుడో ఒకటి వదిలేసేవాణ్ణి. నా భక్తి ఈవిడ నమ్మలేదు, నిలబెట్టింది.”

“మరి ఆ రోజు నేను అడిగినప్పుడు ఇదంతా ఎందుకు చెప్పలేదండీ?” అధికారిణి గొంతు చిన్నదైపోయింది.

“అది నా తప్పే. కాగితం చూస్తే నాకు నోరు పెగలదు. నన్ను క్షమించు చెల్లెమ్మా.” ఆమె వైపు ఒకసారి చూసి, మళ్ళీ అటు తిరిగాడు. “మీరు మా మంచి కోరారు, కాదనను. నాకేమీ తగలకూడదని దూదిలో పెట్టి చుట్టారు. కానీ దూదిలో చుట్టినవాడికి దెబ్బా తెలియదు, పక్కవాళ్ళ చెయ్యీ తెలియదు మేడమ్. ఈ పది రోజులూ నాకు ఎవరూ లేనట్టుంది.”

అధికారిణి పుస్తకం మూసేసింది. ఏమనుకుందో ఏమో, ఉన్నట్టుండి, “మా అమ్మమ్మ నియమాల రోజుల్లో నేను ఆవిడ ఎదురుగానే బిస్కెట్లు తినేదాన్ని. నేను ఎప్పుడూ వెక్కిరించలేదు, అదే గౌరవం అనుకున్నాను,” అంది. తన కంటే చిన్నదాన్ని ఓదార్చాలో, అధికారిణి కాబట్టి ఊరుకోవాలో సూదిమందుకు అర్థం కాలేదు. చివరికి ముట్టకుండా ఉండిపోయిన తన మంచినీళ్ళ గ్లాసును ఆమె వైపు జరిపింది.

పెద్ద డాక్టరుగారికి వెళ్ళిన నివేదికలో కారణం ఒక్క వాక్యంలో ఉంది: వంటగదిలో ఇద్దరు మనుషులు మాట్లాడుకోవలసిన సమయంలో మాట్లాడుకోకపోవడం వల్ల ఉప్పు ఎక్కువైనది. మొదటి హెచ్చరిక చింపేశారు. గోడ మీద కాగితం మాత్రం చింపలేదు, సగం వరుసలు కొట్టేశారు. ఎవర్నీ బలవంతపెట్టకూడదు, నొప్పించామని తెలిస్తే సరిదిద్దుకోవాలి అన్నవి మిగిలాయి. అవి ఉండాల్సినవే అని సూదిమందు కూడా ఒప్పుకుంది.

మళ్ళీ ఉపవాసం పదకొండు రోజులకు వచ్చింది. అధికారిణి ఆ పూట వంటగదికి వచ్చి, ఎవరికీ అడ్డం కాకుండా తలుపు పక్కన నిలబడింది. వంటపెద్ద సగం ఉప్పు వేశాడు, సగం పక్కన పెట్టాడు. చెంచా మేకు మీంచి దిగింది. ముంచి, ఊది, బల్ల వైపు చాపాడు. సూదిమందు కత్తి పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, రుచి చూసి, ఒక కనుబొమ్మ ఎగరేసింది. అంతే. మాట రాలేదు. ఆయన కాసిన్ని పలుకులు రాల్చి, కలిపి, ఇంకా అక్కడే నిలబడ్డాడు.

“ఏంటి, సూది మొద్దుబారిందా?”

“భయమేస్తోందన్నా,” అంది. “ఆ రోజు మీ అమ్మ విషయంలో... నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది. తొమ్మిదేళ్ళ నుంచీ చెప్పాలనుకుంటున్నా.”

“గిన్నెలు తోమినప్పుడే చెప్పేశావు కదా. ఇప్పుడు సూప్ చల్లారిపోతోంది. అనేదేదో అను.”

ఆమె చెంచా తిరిగి ఇస్తూ ఒక్క క్షణం ఆలోచించింది.

“మీ దేవుడికే నాలుక ఉంటే నీకు నాతో పనుండేది కాదు. ఉప్పు చాల్లేదురా అబ్బాయ్ అని ఆయనే చెప్పేవాడు. ఆయనకి నాలుక లేకపోవడం నాకు ఎంత కలిసొచ్చిందో చూశావా?”

తాత సింకు దగ్గర పగలబడి నవ్వాడు. వంటపెద్ద భుజాలు ఊగాయి.

“ఆయనకి నాలుక లేదని నీకు ఎవరు చెప్పారు చెల్లెమ్మా?” అన్నాడు సూప్ కలుపుతూ, ఇటు తిరక్కుండానే. “పద్దెనిమిదేళ్ళ నుంచీ అది నాకు ఎదురుగానే కూర్చుని కూరగాయలు తరుగుతోంది.”

సూదిమందు నోరు తెరిచి, మళ్ళీ మూసింది. ఏ మాటకైనా ఎదురుమాట సిద్ధంగా ఉండే మనిషికి ఆ మాటకు ఏమీ దొరకలేదు. కత్తి తీసుకుని తల వంచుకుని తరగడం మొదలుపెట్టింది. కాసేపటికి మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

“ఈ ఉల్లిపాయలొకటి,” అంది ఎవరితోనో.

బల్ల మీద ఉన్నది గుమ్మడికాయ. అధికారిణి అది చూసింది, ఎక్కడా రాసుకోలేదు.